దించని కుండ

మా పెద్దమ్మ సత్యమ్మను ఊళ్లో అందరూ మొండిది అంటారు. నేను మాత్రం అనను. ఆ మాట ఆమెకు చాలదు. మొండికేసిన ఎద్దునైనా ముల్లుగర్రతో పొడిస్తే కదులుతుంది. ఈమెను ఏ కర్రతో పొడవాలో, ఆమె చేతిలో పెరిగిన నాకే ఇప్పటికీ తెలియదు.

నా పేరు సుమన. బస్సు కండక్టర్‌ను. గద్వాల నుంచి మల్దకల్, అయిజ మీదుగా వడ్డేపల్లి దాకా పోయి వచ్చే బండి మాది. డ్రైవర్ ఎల్లయ్యన్న. పొద్దున లేచింది మొదలు అదే రోడ్డు మీద పైకీ కిందికీ తిరుగుతాం. ఆడవాళ్లకు డబ్బుల్లేని జీరో టికెట్లు వచ్చాక బస్సులో కాలు పెట్టే జాగా ఉండదు. సాయంత్రానికి నా పక్కటెముకల మీద సగం జిల్లా మోచేతులు అచ్చుపడి ఉంటాయి. ఇలాంటి రోజుల్లో, ఊరికే ఎక్కించుకుపోయే బస్సు ఇంటి ముందు నుంచే పోతుంటే, మా పెద్దమ్మ నెత్తిన కుండ పెట్టుకుని, చెప్పుల్లేకుండా, గద్వాల పక్కన జమ్మిచేడులో ఉన్న జమ్ములమ్మ గుడి దాకా నడుస్తానంది. ఒక్కతే.

ఒక్కతే అన్న దగ్గరే వచ్చింది తిప్పలు. ఆ నడక ఒక్కరితో అయ్యేది కాదు. నలుగురు కావాలి. ఎందుకు కావాలో చెప్పాలంటే ముందు పత్తిచేన్ల సంగతి చెప్పాలి.

మా దిక్కు విత్తనం కోసం పత్తి పెంచుతారు. సీడు పత్తి అంటాం. అందులో పనంతా వేళ్లతోనే. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవ్వాళ సాయంత్రమే గిల్లి, లోపల పుప్పొడి ఉండే పొరను ఒలిచేయాలి. తెల్లారి మగపువ్వు తెచ్చి దానికి అద్దాలి. ఒక్క పూట ఆలస్యమైతే ఆ పూత దండగ. అందుకని వానాకాలంలో ఆ పని నడిచినన్నాళ్లూ పండుగ ఉండదు, ఆదివారం ఉండదు, దగ్గరివాళ్ల పెళ్లికి కూడా పోయేది ఉండదు. పెద్దమ్మ బొటనవేలి గోరు ఇప్పటికీ పొడుగ్గా, అంచు పదునుగా ఉంటుంది. మొగ్గలు గిల్లడానికి పెంచిన గోరు అది. చిన్నప్పుడు నా చెవి మెలేసినప్పుడల్లా దాని సంగతి నాకు బాగా తెలిసేది.

ఆ చేన్లలోనే ఆమెకు ముగ్గురు దొరికారు. సుగుణమ్మ మా పక్కింటామె, నెమ్మదస్తురాలు. బాలమ్మ పక్క ఊరిది, నోరున్న మనిషి. పాట ఎత్తుకుంటే చేను చివర ఉన్నవాళ్లు కూడా చెయ్యి ఆపి వినేవారు. రాధమ్మది నాగర్‌కర్నూల్ అవతల తెలకపల్లి. ఏటా జట్టుతో పాటు కూలికి వచ్చి, వచ్చిన రోజు నుంచి పోయే రోజు దాకా నడుం నొప్పని సణుగుతూనే అందరికంటే ముందు సాలు ముగించేది. నలుగురూ పక్కపక్క సాళ్లు పట్టుకునేవారు. ఒకరు వెనకబడితే మిగిలిన ముగ్గురూ ఆమె సాలులోకి వంగి తలా కొన్ని మొగ్గలు గిల్లి, ఆమెను తమతో సమానం చేసుకుని మళ్లీ కదిలేవారు.

మా అమ్మానాన్నలు పుణె వలసపోతూ నన్ను పెద్దమ్మ దగ్గర వదిలిపోయారు. పెద్దనాయన అప్పటికే లేడు. ఆమెకు పిల్లల్లేరు. అయినవాళ్లంటే నేను, తోటివాళ్లంటే ఆ ముగ్గురు. ఈ రెండూ ఒకటి కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒక యేడు పక్క చేన్లో పురుగుమందు కొడుతుంటే గాలి ఇటు తిరిగింది. సుగుణమ్మ సాలులోనే కూలబడింది. ట్రాక్టర్‌లో వేసుకుని గద్వాల దవాఖానకు తెచ్చారు. ముగ్గురూ బయట గోడకు ఆనుకుని కూర్చున్నారు. నేను చిన్నపిల్లను, పెద్దమ్మ కొంగు పట్టుకుని వెంటపడి వచ్చాను. అప్పుడు లేచి మొక్కింది బాలమ్మే. జమ్మిచేడు దిక్కు తిరిగి, రెండు చేతులూ ఎత్తి, దవాఖానలో అందరూ వినేటట్టు మొక్కింది.

“అమ్మా, జమ్ములమ్మా! దీన్ని లేపు తల్లీ. నలుగురం కలిసి ఏటేటా నీకు ఒడిబియ్యం తెస్తం. నడిచే తెస్తం. ఆ కుండ నేలకు ఆనదు, కొయ్యకు ఆనదు. మా నలుగురి ఒంటి మీదనే వస్తది. మా నలుగురిల ఒక్కదానికి కాళ్లున్నా తెస్తం.”

ఒడిబియ్యం అంటే పసుపు కలిపిన బియ్యం. ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు ఒడిలో పోసి పంపిస్తారు. మా దిక్కు అమ్మవారికీ పోస్తారు.

సుగుణమ్మ బతికింది. కళ్లు తెరిచాక మొక్కు సంగతి చెప్తే, “నన్నడగకుండనే నా నెత్తిమీద గూడ కుండ పెట్టిన్రా?” అందట.

అప్పటి నుంచీ ఏటా మాఘమాసం జాతరలో ఒక మంగళవారం నలుగురూ నడిచేవారు. మా ఊరు అయిజకు ఇవతల, గద్వాల రోడ్డు మీదే ఉంటుంది. చీకటి ఉండగానే బయల్దేరితే పొద్దు గూకే వేళకు గుడి చేరేవారు. తలా ఇంటి నుంచి తెచ్చిన బియ్యం ఒకే కుండలో పోసేవారు. ఒకామె మెడ నొప్పి పుడితే ఇంకొకామె ఎదురుగా వచ్చి నిలబడేది. కుండ ఈ నెత్తి మీంచి ఆ నెత్తి మీదికి పోయేది. తినేటప్పుడు ముగ్గురు కూర్చుంటే, మోసేది నిలబడేది. ఆమెకు ముద్దలు కలిపి నోట్లో పెట్టేవారు. రాధమ్మ నోట్లో కావాలనే మిరపకాయ పెట్టడం, ఆమె కుండ పట్టుకుని ఎగరలేక బూతులు తిట్టడం, మిగతా ముగ్గురూ రోడ్డు పక్కన పడి నవ్వడం నేను కళ్లారా చూశాను. మొక్కో, షికారో చెప్పడం కష్టంగా ఉండేది.

గుడి దగ్గర బియ్యం అమ్మవారికి పోశాక ఖాళీ కుండను నలుగురూ నాలుగు వైపులా పట్టుకుని ఒక్కసారే నేల మీద పెట్టేవారు. ఆ రోజుకు కుండ నేలను తాకేది అప్పుడే. పెట్టాక అక్కడే వదిలేసి, నడుములు పట్టుకుని బస్సెక్కి వచ్చేవారు.

తర్వాత ఒక్కొక్కరే తగ్గిపోయారు. బాలమ్మ మల్దకల్ దాటినాక రోడ్డు పక్క ఊళ్లో కొడుకు దగ్గరికి పోయింది. అక్కడ మనుమడికి జబ్బు చేసి, ప్రాణం మీదికి వస్తే, చర్చివాళ్లు రాత్రనక పగలనక వాడి మంచం చుట్టూ కూర్చుని ప్రార్థన చేశారు. వాడు లేచాడు. బాలమ్మ బాప్తిస్మం తీసుకుంది. ఇక కుండ నెత్తికెత్తుకోనని కబురు చేసింది. దవాఖాన ముందు చేతులెత్తినది ఆమె కాబట్టి పెద్దమ్మకు కడుపు మండింది. “మొక్కిన నోరే తిరిగింది” అని, ఆనాటి నుంచి ఆమెతో మాట బంద్ పెట్టింది. రాధమ్మ జారిపడి తుంటి విరిగింది, కర్ర పట్టుకుని వాకిలి దాకా నడిస్తే గొప్ప. నిరుడు పెద్దమ్మ, సుగుణమ్మ ఇద్దరే ఎట్లాగో చేర్చారు. మొన్న వానాకాలంలో షుగర్ ముదిరి సుగుణమ్మ పోయింది.

“ఎవరి కోసం మొక్కిన్రో ఆమెనే లేదు. మొక్కు తీరినట్టే గదా, పెద్దమ్మా” అన్నాను నేను.

“ఒక్కదానికి కాళ్లున్నా అని మొక్కినం. నాకు కాళ్లున్నయ్” అంది.

“మెడ ఒక్కటే ఉంది గదా. మధ్యల కుండ ఎవరికిస్తవు?”

ఆమె కాసేపు బొటనవేలి గోరు వైపు చూసుకుంది. “ఇంట్ల కూసుంటే నేనొక్కదాన్నే. వాళ్ల బియ్యం నెత్తి మీద ఉంటే వాళ్లతోటి పోతున్నట్టుంటది. కుండ దించిననంటే అయిపోయె, ఇగ నాకెవ్వరు లేనట్టే” అంది. ఏడుస్తూ అనలేదు, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు అంది.

రాధమ్మ తన వంతు బియ్యం మూటగట్టి బస్సువాళ్ల చేతికి ఇచ్చింది. తెలకపల్లి నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి మీదుగా చేతులు మారి ఆ మూట గద్వాలలో నా దగ్గరికి చేరింది. సుగుణమ్మ కోడలు తన అత్త పేరు మీద ఇంకో దోసెడు పోసింది. బాలమ్మ వంతు లేదు. పెద్దమ్మ ఎవరినీ అడగకుండా తన డబ్బాలోంచే ఇంకో దోసెడు తీసి కుండలో వేసింది. నేను చూసి నవ్వితే గోరు చూపించింది.

ఆ మంగళవారం మా మొదటి ట్రిప్పు వడ్డేపల్లి పోతుండగా ఆమె ఎదురైంది. పొద్దు ఇంకా లేత ఎండలోనే ఉంది. నెత్తిన పసుపు రాసిన కుండ, నడుముకు కట్టుకున్న సద్ది మూట. ఎల్లయ్యన్న అడగకముందే బ్రేకు వేశాడు. కిటికీల్లోంచి ఆడవాళ్లు కుండకు దండం పెట్టారు.

“ఎక్కు పెద్దమ్మా. మా బండి మర్లొచ్చేటప్పుడు గద్వాలల దింపుత. జీరో టికెట్ కొడత” అన్నాను.

“కుండకేం కొడతవే?”

“లగేజీ.”

“జమ్ములమ్మ తల్లిని లగేజీ అంటవా, దొంగముఖందానా!” అని మెడ కదపకుండానే నవ్వింది. నేను దిగి సీసాతో ఆమె నోట్లో నీళ్లు పోయబోయాను. ఒక్క గుక్క తాగి చాలంది.

“మల్దకల్ దాటినంక బాలమ్మ ఇల్లు రోడ్డు మీదనే ఉంటది, జర ఆగు” అన్నాను.

“ఆ ఇంటి ముంగట నేను ఉమ్మను గూడ ఉమ్మ” అని కదిలిపోయింది.

వడ్డేపల్లి పోయి తిరిగి వస్తుంటే మల్దకల్‌కు కొంచెం ముందు మళ్లీ దొరికింది. మాఘమాసమే అయినా మా దగ్గర మధ్యాహ్నానికి తారు కాగుతుంది. తుమ్మచెట్టు మొద్దుకు వీపు ఆనించి నిలబడి ఉంది. కూర్చోలేదు. కూర్చుంటే కుండతో మళ్లీ లేవడం ఒక్కరికి కాదని ఆమెకు తెలుసు. కాళ్లు వణుకుతున్నాయి. సద్ది మూట విప్పనే లేదు. నేను సీసా మూత తీస్తుంటే మొహం తిప్పుకుంది.

“నీళ్లు తాగు. కళ్లు తిరిగి పడితే కుండ ముందే పోతది” అన్నాను.

నా చెవి దగ్గరికి వంగలేక, నన్నే దగ్గరికి రమ్మని కళ్లతో పిలిచింది. “తాగితే పక్కకు పోవాల్నే. కుండ నెత్తిన పెట్టుకొని చెట్టు చాటుకు ఎట్ల పోత? పొద్దటి నుంచి ఆపుకున్న.”

నాకు సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. పెద్ద పెద్ద కష్టాల గురించి అందరూ మాట్లాడతారు. ఒంటరి మనిషికి ఇంత చిన్న పని కూడా కొండవుతుందని ఎవరూ చెప్పరు.

“నాకియ్యి. నేనెత్తుకుంట. డ్యూటీ పోతే పోనీ” అని టికెట్ మిషన్ మెడలోంచి తీసి, చేతులు చాచాను.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. “నీ మీద కోపం కాదు బిడ్డా. ఆనాడు మొక్కినోళ్లల్ల నువ్వు లేవు. పో, నీ బండి ఆగింది.”

బస్సులో వాళ్లు అరుస్తున్నారు. ఒకాయన తహసీల్ ఆఫీసు మూసేస్తారని, ఇంకొకామె పిల్ల ఏడుస్తోందని. బస్సెక్కి రైట్ చెప్పాను. పెరిగి పెద్దదాన్నయి, ఉద్యోగం చేసుకుంటూ, నన్ను పెంచిన మనిషి నెత్తి మీది బరువు కొద్దిసేపైనా తీసుకోలేకపోయాను. ఆ కోపం పోయి పోయి బాలమ్మ మీద పడింది. రాధమ్మ దగ్గర నంబర్ తీసుకుని ఫోన్ చేశాను.

“బాలమ్మ పెద్దమ్మా, మా పెద్దమ్మ మీ ఊరి దిక్కు వస్తుంది. పడిపోయేటట్టుంది. జర కుండ పట్టుకో” అన్నాను.

“నెత్తికెత్తుకోనని నీళ్లల్ల నిలబడి మాటిచ్చిన, బిడ్డా. నా మనుమని ప్రాణం మీద ఇచ్చిన మాట” అంది.

“సుగుణమ్మ ప్రాణం మీద ఇచ్చింది మాట గాదా మరి?” అన్నాను. పెద్దామెతో అట్లా మాట్లాడకూడదని తెలుసు. అవతల ఫోన్ కట్ అయింది.

ఆ తర్వాత ఏం జరిగిందో బాలమ్మే నాకు చెప్పింది. ఫోన్ పెట్టేసి ఆమె వాకిట్లోనే నిలబడిందట. కొంతసేపటికి రోడ్డు మీద కుండ కనబడింది. పెద్దమ్మ ఆ ఇంటిని చూడకుండా నేరుగా దాటిపోవాలనే వచ్చిందట, కాళ్లే ఇంటి ముందర ఆగిపోయాయట. పిలవలేదు. అటు తిరగలేదు. ఎండలో ఊరికే నిలబడింది.

“ఎందుకు నిలబడ్డవు నా ఇంటి ముంగట?” అంది బాలమ్మ. అన్ని ఏళ్ల తర్వాత ఇద్దరి మధ్య అదే మొదటి మాట.

“రోడ్డు నీ అయ్యదా?”

“దించు, సత్తెమ్మా. సచ్చిపోతవు.”

“దించ.”

“నేను నెత్తికెత్తుకోను.”

“నిన్నెవలడిగిన్రు?”

బాలమ్మ ఆమె కాళ్ల వైపు చూసింది. మడమల దగ్గర పగుళ్లలోంచి రక్తం వచ్చి తారు అంటుకుంది. అరుగు మీద కూర్చుని, కాళ్లు చాపి, చీర కుచ్చిళ్లు సర్ది, ఒడి పరిచింది.

“నెత్తికెత్తుకోనని మాటిచ్చిన. ఒళ్లె పెట్టుకోనని ఎవ్వరికీ మాటియ్యలే. ఒడిబియ్యం ఒళ్లె గాక ఇంకేడ పెడతరు? తే” అంది.

పెద్దమ్మ తెచ్చింది. మోకాళ్లు వంచి, కుండను బాలమ్మ ఒడిలోకి దించింది. దించి, పరుగులాంటి నడకతో ఇంటి వెనక్కి పోయిందట. ఆ మాట చెప్తూ బాలమ్మ నవ్వి, నవ్వి, చెంగుతో కళ్లు తుడుచుకుంది.

మా రెండో ట్రిప్పులో ఆ ఇంటి ముందు నేనే బెల్లు కొట్టి ఆపించాను. అరుగు మీద బాలమ్మ, ఒడిలో కుండ, రెండు చేతులూ దాని చుట్టూ. పక్కనే అరుగు మీద ఒరిగి పెద్దమ్మ నోరు తెరిచి నిద్రపోతోంది. బాలమ్మ చీర కుచ్చిళ్లు ఆమె చెంప కింద ఉన్నాయి.

అదే సమయానికి బైబిళ్లు పట్టుకుని కొందరు ఆడవాళ్లు వచ్చారు. మంగళవారం ఇళ్లల్లో ప్రార్థన కూడిక ఉంటుంది, ఆ వారం అది బాలమ్మ ఇంట్లోనే. వాళ్లు పసుపు కుండను చూసి గేటు దగ్గరే ఆగిపోయారు. ముందున్నామె, “ఏందిది బాలమ్మక్కా?” అంది.

బాలమ్మ మొహం ఎర్రబడింది. భయపడింది కూడా, నాకు కనబడింది. ఆ ఊళ్లో ఆమెకున్న మనుషులు వాళ్లే. మనుమడి మంచం చుట్టూ కూర్చున్నది వాళ్లే. వాళ్లను పోగొట్టుకుంటే ఆమె కూడా మా పెద్దమ్మలాగే మిగులుతుంది.

“మా సత్తెమ్మ పండుకుంది. జర మెల్లగ మాట్లాడున్రి” అంది.

వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకామె తిరిగి వెళ్లిపోయింది. మిగతావాళ్లు కాసేపు నిలబడి, ఎదురుగా ఉన్న వేపచెట్టు కింద కూర్చుని చిన్న గొంతులతో ప్రార్థన చేసుకున్నారు. బాలమ్మ కూడా ఉన్నచోటే తల వంచింది, చేతులు మాత్రం కుండ మీంచి తీయలేదు. ఎల్లయ్యన్న హారన్ కొట్టబోయి ఆగాడు.

వడ్డేపల్లి నుంచి తిరిగి వచ్చేటప్పటికి అరుగు మీద బాలమ్మ ఒక్కతే ఉంది. తిమ్మిరెక్కిన కాళ్లు చాపి పిక్కలు ఒత్తుకుంటోంది. ఎటు పోయిందని చేత్తో అడిగితే, గద్వాల దిక్కు చెయ్యి చూపించింది. వెంట పోలేదేమని నేను అడగలేదు. ఆమె ఇవ్వగలిగింది ఇచ్చింది. తనే పట్టుకుని లేచి, పెద్దమ్మ నెత్తి మీద కుండ పెట్టిందట. “నేను రాను సత్తెమ్మా” అంటే, “ఎరుకే” అందట పెద్దమ్మ. సద్ది తిన్నాకే పోయిందని తెలిసి నా ప్రాణం కుదుటపడింది.

గద్వాలలో మా ఆఖరి ట్రిప్పుకు ముందు కొంచెం టైం ఉంటుంది. ఆటో పట్టుకుని జమ్మిచేడు పోయాను. జాతర కాబట్టి జనం, దుమ్ము, బొరుగులూ పేలాలూ అమ్మేవాళ్ల కేకలు. పొద్దు వాలుతోంది. బియ్యం అమ్మవారికి పోయడం అయిపోయింది. గుడి పక్కన ఖాళీ స్థలంలో, ఏటా కుండ దించే చోటనే, పెద్దమ్మ ఖాళీ కుండ చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. చేరానన్న సంతోషం మొహంలో లేదు. జాతరలో తప్పిపోయిన పిల్లలాగా చుట్టూ చూస్తోంది.

“అయిపోయింది గదా పెద్దమ్మా. ఇగ దించు” అన్నాను.

“ఎట్ల దించుదును?”

“ఎట్లేంది? కింద పెట్టు.”

“ఒక్కదాన్నే ఎన్నడు పెట్టలే” అంది. “నిరుడు గూడ సుగుణ ఉండె. ఇంకో చెయ్యి లేకుంటే ఎట్ల దించుదునే?”

నేను కుండ అంచు పట్టుకున్నాను. “నా చెయ్యి ఉంది గదా.”

ఆమె నా చెయ్యి తోసేయలేదు. దాని మీద తన చెయ్యి వేసి, మెల్లగా నిమిరి, అంచు మీంచి తీసి నాకే ఇచ్చేసింది. “నువ్వు నా బిడ్డవు. అది వేరే” అంది.

గుచ్చుకుంది. అబద్ధం చెప్పను, చాలా గుచ్చుకుంది. కడుపున పుట్టకపోయినా ఆమెకు సర్వమూ నేనే అనుకుంటూ ఇన్నేళ్లు బతికాను. ఆమెకు ఖాళీ అయిన చోటు నేను పట్టే చోటు కాదని ఆ ఖాళీ కుండ పక్కన నిలబడితే తెలిసింది.

ఆఖరి బస్సులో ఆమెను నా పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాను. కుండ ఒడిలో పెట్టుకుంది. జీరో టికెట్ కొట్టి ఇస్తూ, “లగేజీకి కొట్టలే” అన్నాను. నవ్వలేదు. మల్దకల్ ఇంకా రాకముందే నా మోచెయ్యి తట్టింది.

“బాలమ్మ ఇంటికాడ ఆపు.”

“ఇదే ఆఖరి బండి. మళ్ల రేపు పొద్దుగాలనే.”

“నాకు తెల్వదా?”

బెల్లు కొట్టాను. ఇంకా మసక వెలుతురు ఉంది. అరుగు మీద బుడ్డి దీపంలాంటి చిన్న బల్బు వెలుగుతోంది. పెద్దమ్మ కుండ పట్టుకుని కుంటుతూ దిగి, గేటు దాటింది. బాలమ్మ లోపలి నుంచి వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో బస్సులోకి వినబడలేదు. మాట్లాడుకున్నట్టు కూడా అనిపించలేదు. ఒకరికొకరు ఎదురుగా నిలబడి, కుండ అంచులు చెరో వైపు పట్టుకున్నారు. పట్టుకుని, వంగకుండా, చాలాసేపు అట్లాగే ఉన్నారు. కింద పెడితే అది అక్కడితో అయిపోతుందని ఇద్దరికీ తెలుసు. వచ్చే యేటికి పెద్దమ్మ కాళ్లు ఆ దూరం పోయేవి కావు, బాలమ్మ ఎట్లాగూ రాదు.

వెనక సీట్లోంచి ఎవరో, “ఇంకెంతసేపమ్మా?” అన్నారు. ఎల్లయ్యన్న ఇంజన్ ఆపేశాడు. అప్పుడు మిగతావాళ్లు కూడా అటు చూశారు.

ముందు బాలమ్మ వంగింది. తర్వాత పెద్దమ్మ. కుండ నేల మీద కూర్చుంది. ఇద్దరూ చేతులు వెంటనే తీయలేదు.

“రైట్ చెప్పు, మేడం” అన్నాడు ఎల్లయ్యన్న మెల్లగా. చెప్పాను.

నా పక్క సీట్లో పసుపు అంటిన బియ్యపు గింజలు రాలి ఉన్నాయి. ఏరి రుమాలులో కట్టుకున్నాను. బస్సు నిండా జనమే. ఆ సీట్లో ఎవరైనా కూర్చుంటారేమోనని కొంచెం జరిగి చోటిచ్చాను. అయిజ వచ్చేదాకా ఎవరూ కూర్చోలేదు.